బండగట్ల గ్రంథాలయంలో పూలు పూయించిన విధం

పూలంటే నాకు ద్వేషం లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. మా ఇంటి ముందు గన్నేరు చెట్టు ఉంది, నాటింది నేనే. కానీ పోయిన సెప్టెంబరు నుంచి ఎవరైనా పూల మాట ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది. నేను బండగట్ల శాఖా గ్రంథాలయంలో గ్రంథపాలకుణ్ణి. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఇన్నేళ్లలో మా పై సంస్థ, అంటే రాష్ట్ర పఠన వికాస సంస్థ, మాకు పంపిన పుస్తకాలు ఒక బీరువాకు సరిపోతాయి. పంపిన సర్క్యులర్లు మూడు బీరువాలు నిండి నాలుగో బీరువాలోకి వచ్చాయి. వాటిలో ఒక్కదానికి కూడా నేను ఎదురు చెప్పలేదు. నా సర్వీసు పుస్తకంలో ఒక్క మెమో లేదు. అది నాకు గర్వంగా ఉండేది.

మా డైరెక్టర్ గారు ఆ ముందు డిసెంబరులో అధ్యయన యాత్ర కింద ఒక చలిదేశం వెళ్లొచ్చారు. పన్నెండు రోజుల్లో తొమ్మిది గ్రంథాలయాలు చూశారు. అక్కడ అర్ధరాత్రి దాకా తలుపులు తీసే ఉంటాయట, అడిగిన పుస్తకం వారం లోపల తెప్పించి ఇస్తారట. అవేవీ ఆయన కంటపడలేదు. ఆయన కంటపడింది కిటికీ గూట్లో పెట్టిన పూలకుండీ. క్రిస్మస్ కాక్టస్ అంటారు దాన్ని. ఎడారి జెముడు జాతే గాని ముళ్లుండవు. చదునుగా ఉండే పచ్చటి రెబ్బలు గొలుసులా వేలాడతాయి, డిసెంబరులో ఆ కొసల్లో గులాబీరంగు పూలు విచ్చుకుంటాయి. ప్రతి గ్రంథాలయంలోనూ ఆ పూలున్నాయి, ప్రతి గ్రంథాలయంలోనూ జనం చదువుకుంటున్నారు. డైరెక్టర్ గారికి విషయం తేటతెల్లమైపోయింది. ఆ దేశంలో జనం చదవడానికి కారణం ఆ పూలు. మన దేశంలో చదవకపోవడానికి కారణం ఆ పూలు లేకపోవడం.

అలా పుట్టింది 'పుష్ప పఠనం' పథకం. రాష్ట్రంలోని ఆరువందల పన్నెండు గ్రంథాలయాలకు తలా నలభై కుండీలు. మొదటి సర్క్యులర్‌లో ఆ మొక్క పేరు క్రిస్మస్ కాక్టస్. ఒక మతం పేరు బాగుండదని ఎవరో అన్నారట, రెండో దాంట్లో 'పండుగ కాక్టస్' అయింది. ఇంగ్లీషు మాట బాగుండదని ఇంకెవరో అన్నారట, మూడో దాంట్లో 'సర్వపర్వ జెముడు' అయింది. పేరు కుదిరేసరికే రెండు నెలలు పట్టింది. మొక్క బతుకుతుందా లేదా అని మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు. మా బండగట్లలో అక్టోబరులో కూడా మధ్యాహ్నం పూట రోడ్డు మీద చెప్పుల్లేకుండా నిలబడలేం.

లారీ వచ్చిన రోజు మా అటెండరు ఈరన్న కుండీలు దింపుతూ ఒక మాట అన్నాడు. "మా చేను గట్టు మీద నాగజెముడు ఉండాది సార్. ఎవురి ఆర్డరూ ల్యాకుండానే ఏటేటా పూస్తాది. దానికి నీళ్లు గూడ ఎవురూ పొయ్యరు." ఆ మాట అంటూనే ఒక కుండీ జారవిడిచాడు. కుండీ పగిలింది, మొక్క రెండు ముక్కలైంది. నేను స్టాకు రిజిస్టరులో 'వచ్చినవి నలభై, మృతి ఒకటి' అని రాసి సంతకం పెట్టాను.

"సార్, అది చావలేదు. రెబ్బ మట్టిలో గుచ్చితే చాలు, బతుకుతాది. పారేసేటట్లుంటే నాకియ్యండి" అంది చౌడేశ్వరి.

ఈ అమ్మాయి గురించి చెప్పాలి. బోటనీలో బీఎస్సీ చదివింది. బస్టాండు ఎదురుగా ఒక జిరాక్స్ అంగట్లో ఉదయం ఎనిమిది నుంచి నాలుగున్నర దాకా పని. ఇల్లు ఒకటే గది, అందులో ఐదుగురు మనుషులు, ఒక టీవీ. అందుకని రోజూ ఐదింటికి మా రీడింగు హాలుకు వచ్చి తొమ్మిదింటికి తలుపులు మూసేదాకా చదువుకునేది. ఎనిమిది బల్లలు, అరవై కుర్చీలు, వెలిగే ట్యూబులైట్లు పదకొండు. డబ్బివ్వకుండా కూర్చుని చదువుకోవడానికి ఊరు మొత్తానికి అదొక్కటే చోటు. అటవీ శాఖలో బీట్ ఆఫీసర్ పరీక్షకు చదువుతోంది. నోటిఫికేషన్ నాలుగేళ్లకొకసారి పడుతుంది. పోయినసారి రెండు మార్కుల్లో తప్పింది. ఈసారి పరీక్ష డిసెంబరు ఇరవై తొమ్మిదిన. ఆ తరవాత వయసు దాటిపోతుంది గనక ఆమెకు ఇదే ఆఖరుసారి.

విరిగిన మొక్కను పాత రంగు డబ్బాలో పెట్టుకుని జిరాక్స్ అంగడికి పట్టుకుపోయింది. రిజిస్టరు ప్రకారం అది శవం గనక నేను అభ్యంతరపెట్టలేదు.

మార్గదర్శకాలు ఇరవై రెండు పేజీలు వచ్చాయి. వాటి సారం ఇది. ఈ మొక్క పూయాలంటే ఆరు వారాలపాటు రోజూ పద్నాలుగు గంటల చీకటి కావాలి. గట్టి చీకటి. కాబట్టి అక్టోబరు పదిహేను మొదలు 'మొక్కలు ఉన్న గదియందు' సాయంత్రం ఐదు నుంచి ఉదయం ఏడు వరకు వెలుతురు ఉండరాదు. మొక్కలు ఎక్కడ ఉండాలి? రీడింగు హాల్లో, బల్లకు ఐదు చొప్పున.

నేను మా ప్రాంతీయ పర్యవేక్షణాధికారి సుదర్శనమూర్తి గారికి ఫోను చేశాను. "సార్, మా దగ్గర పుస్తకాలొచ్చిన అట్టపెట్టెలు బోలెడున్నాయి. ఐదింటికి కుండీకొకటి బోర్లించి పొద్దున తీసేస్తే మొక్కకు చీకటి, పాఠకులకు లైటు. రెండూ జరుగుతాయి."

ఆయన గొంతు సవరించుకున్నారు. "అట్టపెట్టె బోర్లించుట పథకం స్ఫూర్తికి విరుద్ధం. పేజీ నాలుగు, పేరా రెండు చూడండి. మొక్కలు నిరంతరం పాఠకుల దృష్టిపథంలో ఉండవలెను."

"చీకట్లో పాఠకులకు ఏం కనిపిస్తాయి సార్?"

"దృష్టిపథంలో ఉండవలెను అన్నారు. కనిపించవలెను అని ఎక్కడా అనలేదు." మళ్లీ గొంతు సవరించుకుని కొంచెం మెత్తగా అన్నారు. "ఇన్నేళ్ల సర్వీసులో ఒక్క మెమో లేనివారు మీరు. ఈ వయసులో అట్టపెట్టెల కోసం దేనికండీ?"

"చిత్తం సార్" అన్నాను.

మర్నాడు గోడ మీద నోటీసు అంటించాం. 'పాఠకుల సౌకర్యార్థం ఇకనుండి పఠన మందిరం సాయంత్రం ఐదు గంటలకు మూసివేయబడును.' పాఠకుల సౌకర్యార్థం అన్న మాట పైనుంచి వచ్చిన నమూనాలోనే ఉంది, నేను చేర్చింది కాదు. ఐదింటికి పాతికమంది పిల్లలు పుస్తకాల సంచులతో వచ్చి దాని ముందు నిలబడిపోయారు.

"చదువుకునేకి యాడ పోవాల సార్?" అని అడిగింది చౌడేశ్వరి.

"పగలు చదువుకోవచ్చమ్మా. పగటి పఠనం కళ్లకు మంచిదని కూడా రాశారు."

"పగలు పనికి పోకుంటే ఇంట్లో పొయ్యి మీదికి ఏమొస్తాది సార్? అయినా ఆ చెట్లకు పెట్టెలు కప్పితే అయిపోతాది గద."

"పెట్టెలు స్ఫూర్తికి విరుద్ధం" అన్నాను నేను. ఎంత తొందరగా అబ్బిందో ఆ భాష నాకు.

చీకటి మొదలయ్యాక పైవాళ్లకు ఒక అనుమానం వచ్చింది. చీకటి నిజంగా ఉందని రుజువేమిటి? అందుకని 'చీకటి నివేదిక' అని ఒక యాప్ తెచ్చారు. రోజూ రాత్రి ఏడింటికి ఒక్కొక్క కుండీకీ ఒక్కొక్క ఫోటో తీసి పంపాలి. మొదటి రోజు చీకట్లో తీసిన ఫోటో నల్లగా వచ్చింది. యాప్ 'చిత్రం స్పష్టంగా లేదు, మరల ప్రయత్నించండి' అంది. ముప్పై తొమ్మిది కుండీలకూ అదే మాట అంది. పై ఆఫీసుకు ఫోను చేస్తే "ఫ్లాష్ వేసి తీయండి" అన్నారు.

అలా ప్రతి రాత్రీ ఏడింటికి నేను ఆ చీకటి హాల్లో బల్ల నుంచి బల్లకు తిరుగుతూ ముప్పై తొమ్మిదిసార్లు ఫ్లాష్ కొట్టేవాణ్ణి. నివేదికలో మొదటి గడి 'చీకటి స్థితి'. అక్కడ 'సంపూర్ణం' అని నొక్కాలి. చివరి గడి 'నేడు లబ్ధి పొందిన పాఠకుల సంఖ్య'. సున్నా వేస్తే యాప్ తీసుకోదు. ఏం వేయాలో తెలియక కుర్చీలు లెక్కపెట్టి అరవై వేశాను. తీసుకుంది. రోజూ అరవై వేశాను.

వారం తరవాత చౌడేశ్వరి నన్ను గేటు దగ్గర ఆపింది. "సార్, ఆ మెరుపులేంది కిటికీలో?"

చెప్పాను. ఆ పిల్ల తల పట్టుకుంది. "రాత్రి నడుమ ఒక్క నిమిషం ఎలుగు పడినా ఆ చెట్టుకు రాత్రి తెగిపోతాది సార్. అంత పొడుగు రాత్రి ఉంటేనే మొగ్గేస్తాది. మీరు రోజూ దాన్ని మధ్యలో లేపుతాండారు. అది నూరేండ్లయినా పూయదు."

ఇది ముఖ్యమైన సంగతి గనక పైకి రాశాను. నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది. 'పథకంలో భాగంగా పడు వెలుతురు వెలుతురుగా పరిగణింపబడదు. ఇట్టి సందేహములు ఇకమీదట పంపరాదు.' మొక్కకు ఈ సర్క్యులర్ ఎవరు చదివి వినిపిస్తారో అందులో లేదు.

ఈ లోపల ఆ పిల్లలు చోటు వెతుక్కున్నారు. మా కాంపౌండు గోడ పక్కన ఒక వీధి దీపం ఉంది. దాని కింద గోనెపట్టాలు పరచుకుని పదహారుమంది చదువుకునేవారు. నవంబరు మొదట్లో ఒక సాయంత్రం సుదర్శనమూర్తి గారు చీకటి తనిఖీకి వచ్చారు. చేతిలో మూరెడు పొడుగు టార్చి లైటు. చీకటి ఉందో లేదో ఆ టార్చి వేసి చూసేవారు. దీపం కింద పిల్లల్ని చూసి ఆయన కళ్లు చెమర్చాయి. అక్కడికక్కడే ఉపన్యాసం మొదలుపెట్టారు.

"యువతీ యువకులారా! చరిత్ర పుటలు తిరగవేయండి. మహనీయులైనవారందరూ వీధి దీపాల క్రింద విద్యనభ్యసించినవారే. ట్యూబులైటు క్రింద చదివి మహనీయుడైన వ్యక్తి నాకొక్కడూ తారసపడలేదు. మా సంస్థ మీకు ఆ సువర్ణావకాశం కల్పించినందుకు గర్విస్తున్నాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆయన లోపలికి వచ్చి కుండీలు చూస్తూ పదిహేడో కుండీ దగ్గర ఆగిపోయారు. కిటికీ సందులోంచి ఒక సన్నటి వెలుతురు చార ఆ మొక్క మీద పడుతోంది. అది వీధి దీపం వెలుతురు.

"ఇదేమిటి?" అన్నారు, పాము కనబడినట్టు వెనక్కి జరిగి.

"కిటికీలకు నల్లకాగితం అతికిస్తాను సార్" అన్నాను గాభరాగా.

"అదీ చేయండి, ఇదీ చేద్దాం. వెలుతురు విషయంలో రాజీ పనికిరాదు."

కాగితం అతికించాం. మర్నాటి నుంచి వీధి దీపం కూడా వెలగలేదు. మున్సిపాలిటీకి అత్యవసర లేఖ వెళ్లిందట. దీపం పోయిందని ఫిర్యాదు చేస్తే మూడు నెలలకు గాని కదలని మున్సిపాలిటీ, ఆర్పమనగానే ఆ సాయంత్రమే నిచ్చెన తెచ్చింది. పదహారుమంది తలో దిక్కూ పోయారు. చౌడేశ్వరి బస్టాండులో నాలుగో నంబరు ప్లాట్‌ఫారం మీద కూర్చుని చదివేది. బస్సుల హారన్లు, బఠానీలమ్మేవాళ్ల కేకలు, మైకులో అనౌన్సుమెంట్లు, మధ్యలో ఈ పిల్ల అటవీ చట్టం సెక్షన్లు. నేను ఇంటికి పోతూ రోజూ చూసేవాణ్ణి. చూసి తల దించుకుని పోయేవాణ్ణి.

తరవాత చలి వంతు వచ్చింది. ఈ మొక్కకు చల్లదనం కూడా కావాలట. నలభై ఏళ్ల మా గ్రంథాలయ చరిత్రలో పాఠకుల కోసం ఫ్యాను అడిగితే 'పరిశీలనలో ఉన్నది' అని జవాబు వచ్చేది, ఆ పరిశీలన ఇప్పటికీ నడుస్తోంది. కుండీల కోసం ఒక్క వారంలో రెండు ఏసీలు వచ్చాయి. ఏసీ మీద మిణుకుమనే పచ్చ లైటు ఉంది. దాని మీద నల్ల టేపు వేయమని వేరే సర్క్యులర్ వచ్చింది. ఆ ఏటి కొత్త పుస్తకాల జాబితా మాత్రం రాలేదు.

ఏసీలు వచ్చాక పగటి పాఠకుల మీద పడ్డారు. మనిషి ఒంటి వేడి వల్ల గది ఉష్ణోగ్రత పెరుగుతుందని ఎవరో లెక్కకట్టారు. పాఠకులు ఒకసారికి ఐదుగురికి మించరాదన్నారు. ఆ ఐదుగురూ గట్టిగా ఊపిరి వదలరాదన్నారు. రోజూ పేపరు చదవడానికి వచ్చే రిటైర్డు లెక్కల మాస్టారు గురునాథప్ప గారికి ఆస్తమా ఉంది. ఆయన్ను గుమ్మంలోనే ఆపి "మీ ఉచ్ఛ్వాస నిశ్వాసాలు నిబంధనలకు లోబడి లేవు మాస్టారూ" అని చెప్పాల్సి వచ్చింది. ఆయన నా మొహం చూసి, కళ్లజోడు తుడుచుకుని, వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు.

డిసెంబరు ఒకటిన 'మొగ్గ దశ' మొదలైంది. మొదలైందని సర్క్యులర్ చెప్పింది, మొక్కలు చెప్పలేదు.

"సార్, ఒక్క మొగ్గ కూడా లేదు" అన్నాను సుదర్శనమూర్తి గారికి ఫోను చేసి.

"క్యాలెండరు ప్రకారం ఉన్నవి. మీరు సరిగా చూడలేదు."

"ముప్పై తొమ్మిదీ చూశాను సార్."

"అయితే అంతర్గతంగా ఉన్నవని వ్రాయండి."

'మొగ్గలు: అంతర్గతం' అని రాశాను. మొగ్గ దశలో మొక్కను కదిలిస్తే మొగ్గ రాలుతుందని మార్గదర్శకాల్లో ఉంది. అందుకని బల్లల మీద పేపరు పరచరాదు, కుర్చీ లాగరాదు, గాలి కదులుతుంది గనక బీరువా తలుపు తీయరాదు అన్నారు. అంటే పగలు కూడా గ్రంథాలయంలోకి ఎవరూ రాకూడదన్న మాట. వచ్చేవాళ్లు ఎలాగూ లేరు. ఆ చల్లటి చీకటి హాల్లో నేనూ ఈరన్నా శాలువాలు కప్పుకుని కూర్చునేవాళ్లం. రోజూ ఏడింటికి లబ్ధి పొందిన పాఠకులు అరవై.

పద్దెనిమిదో తారీఖున సుదర్శనమూర్తి గారు పరుగున వచ్చారు. చీకటి సూచీలో రాష్ట్రం మొత్తానికి బండగట్ల ప్రథమ స్థానంలో ఉందట. ఎల్లుండి డైరెక్టర్ గారు స్వయంగా పూలు చూడటానికి వస్తున్నారట. ఆయన హాల్లోకి వచ్చి ముప్పై తొమ్మిది కుండీలు కలియజూశారు. వాటిలో సగం వాడిపోయి బల్లకు వాలిపోయాయి. మిగతా సగం పచ్చగా, దిట్టంగా, ఒక్క పువ్వు లేకుండా నిలబడ్డాయి. అంత ఏసీలోనూ ఆయనకు చెమట పట్టింది.

"పూలేవండీ?" అన్నారు. ఆ రెండు ముక్కలూ మామూలు మనిషిలా అన్నారు.

ఈరన్న తల గోక్కున్నాడు. "జిరాక్స్ అంగట్లో ఆ పాప చెట్టు పూసింది గద సార్. నేను పొద్దున చూసినా. ముప్పై పూలకు తక్కువుండవు."

ముగ్గురం బస్టాండుకు పోయాం. నిజమే. కౌంటరు మీద పాత రంగు డబ్బా, దాని చుట్టూ జలజలా వేలాడుతున్న గులాబీరంగు పూలు. జిరాక్స్ కోసం వచ్చినవాళ్లు ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని దాన్నే చూస్తున్నారు.

"ఇది ఎలా సాధ్యమైంది?" అన్నారు సుదర్శనమూర్తి గారు.

చౌడేశ్వరి కౌంటరు కింది నుంచి ఒక ఖాళీ కాగితాల పెట్టె తీసి చూపించింది. "నాలుగున్నరకు పొయ్యేటప్పుడు ఇది బోర్లిస్తా సార్. పొద్దున ఎనిమిదికి తీస్తా. ఇంకేం చెయ్యలేదు."

నేను కాగితాల పెట్టె వైపు చూశాను. సుదర్శనమూర్తి గారు మాత్రం అటు చూడలేదు. "ఈ మొక్క ప్రభుత్వ ఆస్తి. తక్షణం స్వాధీనపరచవలెను" అన్నారు.

"ఇది చచ్చిపోయిందని సార్ రిజిస్టర్లో రాసినాడు గద. చచ్చింది మీదెట్ల అవుతాది?"

"మరణించిననూ ప్రభుత్వ మొక్క ప్రభుత్వ మొక్కయే."

"ఇప్పుడు కదిలిస్తే పూలు రాలిపోతాయి సార్."

"రెండు రోజులు ఆగితే చాలు. తరవాత రాలుటకు అభ్యంతరం లేదు."

ఆ పిల్ల మొక్కను చూసింది, నన్ను చూసింది. తరవాత ఆయన వైపు తిరిగి నిదానంగా చెప్పింది. "తీసుకపోండి సార్. కానీ పరీక్షకు పదకొండు దినాలుండాయి. ఎల్లుండి మీ పెద్దసారు వచ్చి పోయినాక, ఆ సాయంత్రం నుంచి రీడింగు హాలు తెరిపించండి. ఐదు నుంచి తొమ్మిది దాకా, లైట్లేసి. బస్టాండులో నాకు ఒక్క ముక్క తలకెక్కడం లేదు సార్. ఇంకేమీ అడగను."

సుదర్శనమూర్తి గారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "అమ్మాయీ, నా మాటే ఒక ఉత్తర్వు అనుకో. ఈ గ్రంథపాలకుడు గారే సాక్షి."

నేను సాక్షిగా తల ఊపాను. ఈరన్న డబ్బా ఎత్తుకున్నాడు. రోడ్డు దాటేలోపలే మూడు పూలు రాలాయి. రిజిస్టరు తీసి 'మృతి ఒకటి' అన్న చోట ఎర్రసిరాతో 'పునరుజ్జీవితం' అని రాశాను.

ఇరవయ్యో తారీఖున డైరెక్టర్ గారు వచ్చారు. వాడిపోయిన వాటిని బాత్రూములో దాచి, మిగతా వాటిని వెనక వరసలో పెట్టి, చౌడేశ్వరి మొక్కను రంగు డబ్బాలోంచి తీసి ఇత్తడి కుండీలో పెట్టి, ముందు బల్ల మధ్యన ఉంచాం. ఆయన దాని ముందు రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డారు. ఫోటోలు తీశారు. ఒక్కొక్క ఫ్లాష్‌కూ ఒక పువ్వు బల్ల మీద పడినట్టు నాకనిపించింది, బహుశా నా భ్రమ.

"నలభైలో ఒకటి" అన్నారు డైరెక్టర్ గారు. "విమర్శకులు దీన్ని తక్కువ అనవచ్చు. కానీ పోయిన సంవత్సరం ఈ గ్రంథాలయంలో ఎన్ని పూశాయి? సున్నా. సున్నా నుంచి ఒకటికి వచ్చిన పెరుగుదలను శాతాల్లో చెప్పడానికి గణితశాస్త్రమే అశక్తమైనది. దీని వెనుక రహస్యం ఏమిటి?"

సుదర్శనమూర్తి గారు చేతులు కట్టుకున్నారు. "సంపూర్ణ చీకటి, నిరంతర పర్యవేక్షణ, పాఠకుల వైపునుండి ఎట్టి ఆటంకమూ లేకుండుట."

కాగితాల పెట్టె మాట రాలేదు. నేను అక్కడే, ఆయన పక్కనే ఉన్నాను. నా నోటి నుంచి కూడా రాలేదు.

డైరెక్టర్ గారు మైకు ముందే రెండో దశ ప్రకటించారు. ఆరు వారాల చీకటికే ఇంత ఫలితం వస్తే ఏడాది పొడుగునా చీకటి ఉంటే ఎంత ఫలితం వస్తుంది? కాబట్టి అన్ని గ్రంథాలయాల్లోనూ ఐదు తరవాత చీకటి ఇకమీదట శాశ్వతం. అందరూ చప్పట్లు కొట్టారు. నాకూ రెండు చేతులున్నాయి, అవీ కొట్టాయి.

ఐదింటికి కార్లు కదులుతున్నాయి. చౌడేశ్వరి పుస్తకాల సంచీతో గేటు దగ్గర నిలబడి ఉంది. వెనక ఇంకో పదిమంది. ఆమెను చూసి సుదర్శనమూర్తి గారు కారు అద్దం సగం దించారు.

"నా హామీ పథకం తొలి దశకు సంబంధించినది. డైరెక్టర్ గారు ఇప్పుడే మలి దశ ప్రకటించారు కదా" అన్నారు. అద్దం పైకెక్కింది.

చౌడేశ్వరి సంచీ భుజానికి తగిలించుకుని బస్టాండు వైపు పోయింది. మర్నాటికి పూలన్నీ రాలిపోయాయి. ఈరన్న ఊడ్చి చేటలోకి ఎత్తుతూ "ఆ పాప ఉసురు" అన్నాడు. చీకటి నివేదికలో పూల సంఖ్య ముప్పై దగ్గరే ఉండిపోయింది. తగ్గించడానికి యాప్‌లో వీలు లేదు.

డిసెంబరు ఇరవై తొమ్మిదిన పరీక్ష జరిగింది. ఫలితాలు మార్చిలో వచ్చాయి. ఆ మర్నాడు సాయంత్రం ఐదింటికి ఇంకా పది నిమిషాలుందనగా చౌడేశ్వరి గ్రంథాలయానికి వచ్చింది. కిటికీలకు నల్లకాగితం ఉంది గనక పగలే నా బల్ల మీద బల్బు వేసుకుని కూర్చుని ఉన్నాను. ఎదురుగా కుర్చీ చూపించాను. కూర్చుంది.

"ఒక్క మార్కులో పోయింది సార్" అంది.

నేను చేతిలోని కలం కింద పెట్టాను.

"జనరల్ నాలెడ్జిలో ఒక ప్రశ్న. పుష్ప పఠనం పథకం వల్ల ఎన్ని గ్రంథాలయాల్లో పాఠకులకు మేలు జరిగింది అని. మూడు వందల ఆరు, ఐదు వందల పది, ఆరువందల పన్నెండు. నాలుగోది, పైవేవీ కావు. నాకు నవ్వొచ్చింది సార్, పరీక్ష హాల్లోనే. నాలుగోది పెట్టినా. ఆన్సర్ కీలో ఆరువందల పన్నెండు అని ఇచ్చినారు."

"అభ్యంతరం పెట్టకపోయావా అమ్మా?"

"పెట్టినా. మా ఊర్లో లైబ్రరీ మూసేసినారు, ఒక్కరికీ మేలు జరగలేదు అని రాసినా. వాళ్లు విచారించి జవాబు పంపినారు." సంచీలోంచి మడత కాగితం తీసి బల్ల మీద పరిచింది. జిరాక్స్ అంగట్లో పని చేసే పిల్ల కదా, కాపీ శుభ్రంగా ఉంది. 'బండగట్ల శాఖా గ్రంథాలయపు దైనిక నివేదికలను పరిశీలించగా, లబ్ధి పొందిన పాఠకుల సంఖ్య ప్రతిదినము అరవైగా ధ్రువీకరింపబడి ఉన్నది. కావున అభ్యర్థిని అభ్యంతరము తిరస్కరించడమైనది.' కింద, ధ్రువీకరించిన వాడిగా, నా పేరు ఉంది. నా హోదా ఉంది.

బల్బు చుట్టూ ఒక చిన్న పురుగు తిరుగుతోంది. అవతల బల్లల మీద కుండీలున్నాయి. వాటిలో ఇప్పుడు మూడో నాలుగో బతికి ఉంటాయి.

"నేను తిట్టనీకి రాలేదు సార్" అంది చౌడేశ్వరి. "ఒక్కటి అడగాలనుకున్నా. ఆ పెట్టెలు కప్పే మాట మీరే మొదలు అన్నారంట గద, ఫోన్లో. ఈరన్న చెప్పినాడు. ఇంకొక్కసారి ఏంటికి అనలేదు సార్?"

నేను చెప్పడానికి నోరు తెరిచాను. పేజీ నాలుగు, పేరా రెండు అన్న మాటలు నాలుక మీదికి వచ్చాయి. సిగ్గేసి మూసుకున్నాను. ఆమె కాసేపు చూసి, కాగితం మడిచి, సంచీలో పెట్టుకుంది.

గోడ గడియారం ఐదు కొట్టింది. ఈరన్న వచ్చి స్విచ్చి మీద వేలు పెట్టి, ఆ పిల్ల ఇంకా కుర్చీలోనే ఉండటం చూసి, ఆర్పమంటారా అన్నట్టు నా మొహంలోకి చూశాడు.

నేను తల ఊపాను.